ఆయన దయ, మా ఆవిడ టీ

టైలరమ్మ పొద్దున్నే రెండు గ్లాసుల్లో టీ పోస్తుంది. తన గ్లాసులో పంచదార వేశామంటే వేశామన్నట్టు ఉంటుంది. మొగుడి గ్లాసులో మాత్రం చెంచా నిలబడేంత వేస్తుంది. తర్వాత పెరటి వైపు చెవి పెట్టి, షెడ్డులో రంపం మిషను తిరుగుతోందని రూఢి చేసుకుని, కుట్టు మిషను సొరుగులో నూనె డబ్బా వెనకాల దాచిన సీసా బయటికి తీస్తుంది. మూతతో కొలిచి ఆ మందుని ఆ తియ్యటి టీలో కలిపేస్తుంది. సాయంత్రం మళ్ళీ ఇదే తంతు. మొగుడికి చాటుగా విషం పెట్టిన ఆడవాళ్ళ గురించి మనం బోలెడు విన్నాం. చాటుగా మందు పెట్టాల్సిన ఖర్మ మాత్రం ఈవిడకే పట్టింది.

ఆ మొగుడు వడ్రంగి. పనితనం ఉన్నవాడు. ఆయన బిగించిన తలుపు వేస్తే దడాలుమనదు, తీస్తే కిర్రుమనదు. కుర్రతనం నుంచీ ఆయనకి మూర్ఛలున్నాయి. పెళ్ళికి ముందే ఆ సంగతి ఆవిడకి చెప్పేశాడు. "నేను పడిపోతుంటాను. పట్టుకుంటావా?" అని అడిగాడు. పట్టుకుంటానంది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ అవసరం పెద్దగా రాలేదు, మాత్రలు వాటి పని అవి చేశాయి. కాకపోతే మాత్ర మింగితే చెయ్యి సన్నగా వణికేది. ఉలి పట్టే చెయ్యి వణికితే ఎలా ఉంటుందో ఉలి పట్టనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు.

ఒకసారి ఎవరింట్లోనో తలుపులు బిగిస్తూ పడిపోయాడు. తెలివొచ్చేసరికి ఇంటివాళ్ళంతా గోడకి అంటుకుపోయి చూస్తున్నారు. ఒకడు ఫోన్లో వీడియో తీస్తున్నాడు. ఆ వీడియో ఆయనకంటే ముందే వీధిలోకి వచ్చేసింది. దాంతో పనులు తగ్గాయి. పలకరింపులు కూడా తగ్గాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఎవరో ఆయన్ని ప్రార్థన హాలుకి తీసుకెళ్ళారు. టైర్ల షాపు మీద మేడ అది, ఎండాకాలం మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన మనతో పాటు పైకొస్తుంది. వెళ్ళిన మొదటిరోజే అక్కడ పడిపోయాడు. ఒక్కరూ దూరం జరగలేదు. సంఘం పెద్దాయన వచ్చి నేలమీద చతికిలబడి, నురగ కారుతున్న ఆ తలని ఒళ్ళో పెట్టుకుని, లేచేదాకా కదలకుండా కూర్చున్నాడు. అంతే, మనిషి వాళ్ళవాడైపోయాడు. ఇంటికి సగమే తిరిగొచ్చాడు.

ఈ పెద్దాయన దొంగస్వామి అయితే కడుపారా తిట్టుకునేవాళ్ళం. కాదే! ఎవరి దగ్గరా పైసా ముట్టడు. రెండు కళ్ళకీ పొరలు కమ్మి ఎదుటి మనిషి కనపడకపోయినా ఆపరేషన్ మాటెత్తనివ్వడు, ఎవరిదో భుజం పట్టుకుని ఆ మెట్లెక్కుతాడు. చెప్పింది చేసే మనిషి కాబట్టి ఆయన మాట అందరికీ తలకెక్కింది. మందు మింగడమంటే దేవుణ్ణి అనుమానించడమేనన్నది ఆయన మాట. మందు మానేసినవాళ్ళు తమ సీసాని కడిగి, నీళ్ళు నింపి, ఒక పువ్వు పెట్టి హాలు కిటికీలో ఉంచాలి. కిటికీ నిండా సీసాలే. షుగరు మాత్రలవి, గుండె జబ్బువి, ఆయాసానివి. వాటి మీద చీటీలు కూడా చింపరు. వీధిలోంచి చూస్తే ముచ్చటగానే ఉంటుంది గానీ, టైలరమ్మ ఆ దారిన వెళ్తే తల పైకెత్తేది కాదు.

వడ్రంగి సీసా కూడా ఆ వరసలో చేరింది. చేరిన కొన్నాళ్ళకే షెడ్డులో రంపం పక్కన పడ్డాడు. మధ్యలో చెక్క అడ్డం వచ్చింది కాబట్టి చెవి కొసతో సరిపోయింది. టైలరమ్మ ఏడ్చింది, కాళ్ళు పట్టుకుంది, అలిగి అన్నం మానేసింది. ఆయన కూడా పక్కనే కూర్చుని అన్నం మానేశాడు గానీ మాత్ర మింగలేదు.

"దేవుడు నన్ను చూస్తున్నాడే," అన్నాడు. "ఆయన చూస్తుండగా నేను చాటుగా మాత్ర మింగనా?"

"మీ చెవి తెగుతున్నప్పుడు కూడా చూస్తూనే ఉన్నాడుగా?" అంది ఒళ్ళు మండి.

"చెవేగా తెగింది. మెడ తెగలేదు. చూశావా మరి?"

ఇలాంటి మనిషితో ఏమని వాదిస్తారు? టైలరమ్మ వాదన మానేసి పాత డాక్టరమ్మ దగ్గరికి ఒంటరిగా వెళ్ళింది. డాక్టరమ్మ అంతా విని, చెయ్యి వణకని కొత్త రకం మందుందనీ, మాత్ర ఇష్టం లేకపోతే సిరప్ కూడా దొరుకుతుందనీ చెప్పింది. "కానీ ఆయనకి చెప్పకుండా ఇవ్వడం తప్పమ్మా. కూర్చోబెట్టి, నచ్చజెప్పి ఇవ్వండి," అంది. "చెప్పే ఇస్తానండీ," అంది టైలరమ్మ. అబద్ధాల్లో అది మొదటిది. మందుల షాపులో "బాబుకా, పాపకా?" అని అడిగితే "మొండి పిల్లాడికండీ" అంది. షాపతను నవ్వాడు. ఆవిడకి పిల్లల్లేరు.

మందు చేదు. అందుకే ఆ పంచదార. మొదటిరోజు వడ్రంగి ఒక గుక్క తాగి గ్లాసులోకి తొంగిచూశాడు.

"ఏమిటే ఈ తీపి? నాకు చీమలు పట్టిద్దామనా?"

"వయసు మీద పడుతోందిగా. కాస్త తీపి ఉండాలి."

"ఓహో, ఇన్నాళ్ళకి పుట్టుకొచ్చిందన్నమాట ప్రేమ," అని నవ్వుకుంటూ గ్లాసు ఖాళీ చేసి షెడ్డులోకి వెళ్ళాడు. టైలరమ్మ ఆ గ్లాసు కడుగుతూ చాలాసేపు కుళాయి కట్టెయ్యడం మర్చిపోయింది.

మూర్ఛలు ఆగిపోయాయి. చెయ్యి వణకలేదు. నిద్ర బాగా పట్టింది, మొహంలో కళ వచ్చింది, మళ్ళీ తలుపుల పనులూ వచ్చాయి. మామూలు మనిషైతే తనలో తను సంతోషించి ఊరుకుంటాడు. ఈయన హాల్లో లేచి నిలబడి నలుగురికీ చెప్పాడు. ఒకసారి కాదు, పెద్దాయన అడిగినప్పుడల్లా చెప్పాడు. మాట చివర ఎప్పుడూ ఒకటే: "నా లోపలికి వెళ్ళేవి రెండే రెండు. ఆయన దయ, మా ఆవిడ టీ." హాలంతా గొల్లుమనేది. ఆడవాళ్ళ వరసలో కూర్చున్న టైలరమ్మని పక్కవాళ్ళు మోచేత్తో పొడిచి నవ్వేవాళ్ళు. ఆవిడ కూడా నవ్వేది, తేలు కుట్టిన దొంగలా.

నవ్వక ఏం చేస్తుంది? నిజం చెబితే ఆ క్షణం నుంచి ఆయన తన చేతి టీ ముట్టడు. ముట్టకపోతే రంపం అక్కడే ఉంది.

కుట్టు షాపులో టైలరమ్మ పక్కన కాజాలావిడ కూర్చుంటుంది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షాపు అది. టైలరమ్మ కత్తిరించి కుట్టిన చొక్కాలకి కాజాలు తీసి గుండీలు వెయ్యడం ఆవిడ పని. వయసులో పెద్దది, మొగుడు పోయాడు, ఉన్నది ఒక్క కూతురు. ఆ పిల్ల ఫొటో స్టూడియోలో కంప్యూటర్ దగ్గర కూర్చుని పెళ్ళిఫొటోల్లో జనం మొహాల మీద మొటిమలు తీసేస్తుంటుంది. మధ్యాహ్నం తల్లికి అన్నం డబ్బా తెచ్చి, అది ఖాళీ అయ్యేదాకా ఆపకుండా మాట్లాడుతుంది. గిలక్కాయలా ఒకటే చప్పుడని తల్లి దానికి గిలక అని పేరు పెట్టింది. ఆ పేరే నిలిచింది. గిలక రాని రోజు షాపులో మిషన్లన్నీ తిరుగుతున్నా ఏదో ఆగిపోయినట్టుండేది.

గిలకకీ మూర్ఛలున్నాయి. మందు వాడుతోంది, అయినా ఎప్పుడైనా ఒకటి వచ్చేది. మందేమో మత్తు, జుట్టు ఊడిపోతోందని దిగులు. ఒక సంబంధం ఇంటిదాకా వచ్చి, సంగతి తెలిసి అట్నుంచి అటే పోయింది. దానికితోడు కాజాలావిడ ఈమధ్య ప్రార్థన హాలుకి వెళ్తోంది. అక్కడ వడ్రంగి మాటలు వింది.

ఆ మధ్యాహ్నం గిలక డబ్బా బల్ల మీద పెట్టి, టైలరమ్మ పక్కన ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది.

"పిన్నీ, ఒక్క మాట. బాబాయికి నిజంగానే తగ్గిపోయిందా?"

టైలరమ్మ చేతిలో కత్తెర గుడ్డ మధ్యలో ఆగింది. షాపులో సగంమంది ఆ హాలుకి వెళ్ళేవాళ్ళే. అందరి మిషన్లూ నెమ్మదించాయి.

"తగ్గింది," అంది.

"మందు లేకుండానే?"

ఇక్కడ చెప్పాలి. చెప్పాల్సింది ఇక్కడే. చెబితే సాయంత్రానికల్లా ఆ మాట షెడ్డు దాకా నడిచి వెళ్తుంది. టైలరమ్మ కత్తెర పక్కన పెట్టి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "నువ్వు మాత్రం మందు మానకు. ఆయన వేరు, నువ్వు వేరు."

"ఏం వేరు పిన్నీ? ఆయనకి రంపం, నాకు మౌసు. అంతేగా తేడా," అని గిలక నవ్వింది.

కాజాలావిడ సూది ఆపి ఇటు తిరిగింది. "అంటే దేవుడి దయ మీ ఇంటికొక్కదానికే రాసిచ్చారా ఏం?" అంది. ఎవరో కిసుక్కుమన్నారు.

షాపు కట్టేసే వేళ చేతులు కడుక్కునే చోట ఆవిడని మళ్ళీ పట్టుకుంది. "అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా. పిల్ల చేత మందు మాన్పించకు."

"ఎందుకో చెప్పు."

"చెప్పలేను."

"చెప్పలేకపోతే నోరు మూసుకో. నీ మొగుడు బాగుపడి ఊరంతా ఊరేగుతుంటే మేం చప్పట్లు కొట్టాలి. నా కూతురు బాగుపడుతుందంటే నీకు కడుపుమంట."

నిజం నాలిక చివరిదాకా వచ్చింది. వచ్చి, ఆ తెగిన చెవి గుర్తొచ్చి, వెనక్కి పోయింది. రేపు చెబుదాం, ఒంటరిగా దొరికినప్పుడు చెబుదాం, ఒట్టు వేయించుకుని చెబుదాం అనుకుంది. ఇంటికెళ్ళి టీ పెట్టింది.

ఆ వారమే కాజాలావిడ గిలక సీసా కడిగి కిటికీలో పెట్టింది. పసుపు పువ్వు పెట్టింది. మందు మత్తు వదిలేసరికి గిలక నిజంగానే తేటగా కనిపించింది, మరింత గట్టిగా వాగింది. ఏమో, ఈ పిల్లకి తగ్గుతుందేమో అని టైలరమ్మ కూడా తనని తాను జోకొట్టుకుంది. మనకి చెప్పే ధైర్యం లేనప్పుడు ఇలాంటి ఆశలు ఎక్కడలేనివీ పుట్టుకొస్తాయి. రేపు అనుకున్న రోజులు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి.

ఒక పొద్దున గిలక స్నానానికి వెళ్ళి తలుపు గడియ పెట్టుకుంది. తల్లి అప్పటికే షాపులో ఉంది. పక్కింటివాళ్ళకి నీళ్ళు పొంగి గుమ్మం దాటి రావడం కనిపించింది. తలుపు బద్దలుకొట్టేసరికి పిల్ల నీళ్ళ తొట్టిలోకి ముందుకు వాలిపోయి ఉంది. మూర్ఛ వచ్చి ఎంతసేపైందో ఎవరికీ తెలియదు.

కబురొచ్చినప్పుడు కాజాలావిడ చేతిలో ఒక చిన్న చొక్కా ఉంది. ఆ గుండీ పూర్తిగా కుట్టి, దారం పంటితో తెంపి, అప్పుడు లేచింది. తెలివి తప్పి పడిపోయినా అంత ఘోరంగా ఉండేది కాదు.

ఆ పిల్ల కోసం హాల్లో ప్రార్థన పెట్టారు. పెద్దాయన మాట్లాడాడు. దేవుడు ప్రేమించినవాళ్ళని తొందరగా పిలుస్తాడన్నాడు. ఆ తల్లి నమ్మకం గొప్పదన్నాడు, ఆయన గొంతు నిజంగానే వణికింది. తర్వాత వడ్రంగి ఎప్పుడూ కూర్చునే వైపు చెయ్యి చాపి, "ఆ తల్లికి నాలుగు ధైర్యం మాటలు చెప్పు నాయనా," అన్నాడు.

వడ్రంగి లేచాడు. కళ్ళు తుడుచుకున్నాడు. మంచి మనసుతోనే మొదలుపెట్టాడు, తను పడిపోయిన రోజు, ఆ ఒడి, ఆ తర్వాత ఒక్కసారి కూడా పడకపోవడం. "అమ్మా, అనుమానపడకు. నన్ను చూడు. నా లోపలికి వెళ్ళేవి రెండే. ఆయన దయ..."

"ఆపండి," అంది టైలరమ్మ.

ఆవిడ ఎప్పుడు లేచిందో పక్కవాళ్ళు కూడా చూడలేదు. సంచీలోంచి సగం ఖాళీ అయిన సీసా తీసి, వరసల మధ్యలోంచి నడిచి వెళ్ళి, కిటికీలో పసుపు పువ్వున్న సీసా పక్కన పెట్టింది. "ఆయన దయ కాదు. టీలో మందు కలిపాను. మొదటి నుంచీ కలుపుతూనే ఉన్నాను, పొద్దునా సాయంత్రమూ. మందు మానేసి బాగుపడ్డవాడు కాదు ఈయన. మందు తాగి బాగుపడ్డవాడు. ఈ సంగతి నేను చెప్పి ఉంటే గిలక ఇవాళ ఉండేది."

ఎవరికి వాళ్ళు కిటికీలో తమ సీసా వైపు చూసుకున్నారు. తల్లి గుండె జబ్బు మందు మాన్పించిన కొడుకు ఉన్నాడక్కడ. చంటిదానికి ఆయాసం మందు ఆపేసిన ఇల్లాలు ఉంది. ఈవిడ చెప్పేది నిజమైతే వాళ్ళలో ఎవరూ ఇంటికి మామూలుగా వెళ్ళలేరు. కాబట్టి అది నిజం కాకూడదు. "పాపం, ఆ పిల్లంటే ప్రాణం. మతి చలించింది," అంది ఒకావిడ. ఆ మాట అందుకోగానే అందరికీ ఊపిరి ఆడింది.

"కూర్చో తల్లీ," అన్నాడు పెద్దాయన మెత్తగా. "దుఃఖం మనిషి చేత ఎన్నో అనిపిస్తుంది."

"దుఃఖం కాదండీ. మందు. వాసన చూడండి."

"సీసాలు ఎక్కడైనా దొరుకుతాయమ్మా."

అప్పుడు లేచింది కాజాలావిడ. కూతురు పోయినప్పటి నుంచీ నోరు విప్పని మనిషి, హాలు అదిరేలా అరిచింది. "అబద్ధం! ఇది అబద్ధాలకోరు. ఆ రోజు కూడా నా బిడ్డకి ఇలాగే అడ్డుపడింది. నిజమే అయితే ఆ రోజే చెప్పేది కాదా? నేను అడిగాను. ఎందుకని అడిగాను. ఏం చెప్పావే? చెప్పలేను అన్నావు!"

నలుగురు ఆడవాళ్ళు టైలరమ్మని రెక్కలు పట్టి మెల్లగా కూర్చోబెట్టారు, మంచినీళ్ళిచ్చారు, తల నిమిరారు. అంతమందిలో ఒక్కరు కూడా ఆవిడ మాట నమ్మలేదు, ఒక్క వడ్రంగి తప్ప. ఆయన నిలబడ్డ చోటే నిలబడి, పైకి నున్నగా ఉన్న చెక్కలో పగులు కనిపించినప్పుడు చూసినట్టు, పెళ్ళాం వైపు చూస్తున్నాడు. ఎవరికి తెలుస్తుందని ఆవిడ ఇన్నాళ్ళూ భయపడిందో ఆ ఒక్కడే నమ్మాడు.

ఇంటికి ఆయన ముందు, ఆవిడ వెనక నడిచారు. లోపలికి వెళ్ళగానే స్టవ్ వెలిగించి తనే టీ పెట్టుకున్నాడు. చేతకాని పని, సగం పొంగి స్టవ్ మీద పోయింది. నల్లగా మరిగిన దాన్ని పంచదార లేకుండా నిలబడే తాగాడు.

"అక్కడ ఎవరూ నమ్మలేదుగా," అంది గుమ్మంలో నిలబడి. "మీరెందుకు నమ్మారు?"

"ఆ తీపి ఎందుకో ఇప్పుడు తెలిసింది కాబట్టి." గ్లాసు కడిగి బోర్లించాడు. "ప్రేమనుకున్నాను."

"ప్రేమేనండీ."

"ప్రేమైతే చెప్పి పోసేదానివి."

"చెబితే తాగేవారా?"

"తాగేవాణ్ణి కాదు," అన్నాడు. ఆయన ఎప్పుడూ అబద్ధం ఆడలేదు, ఇప్పుడూ ఆడలేదు. "అంతమంది ముందు నా చేత అబద్ధం చెప్పించావు. నా మాట విని ఆ పిల్ల పోయింది. నా మాట, నీ మందు. పెళ్ళికి ముందు కూడా నీకు నేనేదీ దాచలేదు."

ఆవిడ ఏడ్చింది. "పోనీ ఇప్పుడు చెబుతున్నాను. చెప్పే ఇస్తున్నాను. తాగండి."

"అక్కర్లేదు. ఇన్నాళ్ళూ నేను పరీక్షలో కూర్చోలేదే. ఎవరో రాసిపెడితే పాసయ్యాను. ఇప్పుడు కూర్చుంటాను."

ఆ రోజు నుంచి ఆయన వంట ఆయనదే. బియ్యం విడిగా, గిన్నె విడిగా. ఆవిడ పెట్టిన కూర వైపు చూడనైనా చూడడు. మాట మాత్రం మామూలుగానే మాట్లాడేవాడు, అదే ఇంకా నరకం. తిడితే ఎదురు తిట్టొచ్చు.

టైలరమ్మ షాపులో మిగిలిన గుడ్డముక్కలు సంచీలో తెచ్చుకోవడం మొదలుపెట్టింది. ముక్కలు అతికి, లోపల దూది కూరి, ఇంట్లో ప్రతి మూలకీ ఒక తొడుగు కుట్టింది. మంచం కోళ్ళకి, బల్ల అంచులకి, గడపకి. అన్నీ ఆయన చేసిన సామానే, అన్నిటికీ మూలలు కత్తిలా తీర్చిన మనిషి. స్నానాల గది గడియ ఊడబీకింది. షెడ్డులో రంపం బల్ల అంచులకి కూడా కట్టి వచ్చింది. ఇంట్లోవి ఆయన ముట్టుకోలేదు గానీ, షెడ్డులోవి మాత్రం విప్పి మడతపెట్టి ఆవిడ మిషను మీద పెట్టాడు. మిషన్లు నడిచేచోట గుడ్డ ఉండకూడదన్నాడు. అది కూడా నిజమే.

ఆవిడ బతుకంతా చెవుల్లోకి వచ్చేసింది. రంపం తిరుగుతుంటే వినడం, ఆగితే వినడం. చెక్క కోస్తున్నప్పుడు దాని గొంతు బరువుగా ఉంటుంది, కోత అయిపోగానే సన్నగా కీచుమంటుంది, ఆ వెంటనే మళ్ళీ బరువెక్కుతుంది. ఆ కీచుకీ బరువుకీ మధ్య ఆవిడ ఊపిరి బిగబట్టేది.

ఒక సెలవు రోజు పగలు కాజాలావిడ వచ్చింది. సంగతి జరిగినప్పటి నుంచి ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని కుడుతున్నారు గానీ మాటల్లేవు. ఆవిడ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. బాగా చిక్కిపోయింది. దూది కుట్టిన గడప మీద చెయ్యి వేసి కాసేపు తడిమింది.

"ఒక్క మాట చెప్పు చాలు," అంది. "నువ్వు ఏమీ కలపలేదని చెప్పు. ఏదో బాధలో అన్నానని చెప్పు."

"అక్కా..."

"ఎవరికీ చెప్పనులే. నాకోసం చెప్పు. దాని సీసా కడిగింది నేను. అది వద్దనలేదు గానీ, కడిగింది మాత్రం ఈ చేతులే. కన్ను మూస్తే ఆ కుళాయి చప్పుడే. నువ్వు కలపలేదంటే దేవుడి ఇష్టం అనుకుని పడుంటాను. కలిపావంటే నేనెక్కడికి పోవాలే?"

టైలరమ్మకి అబద్ధాలు కొత్త కాదు. మొగుడి ప్రాణం కోసం ఇన్ని ఆడింది. ఈ తల్లి కంటికి నిద్ర కోసం ఇంకొకటి ఆడితే పోయేదేముంది? రేపు ఇంకెవరో ఇంకొక సీసా కడుగుతారన్న సంగతి మనసులో మెదిలింది. అయినా ఆ మొహం చూస్తూ తట్టుకోలేకపోయింది. ఆవిడ ముందు కూలబడి, రెండు చేతులూ పట్టుకుని, "లేదక్కా, నేను..." అని మొదలుపెట్టింది.

షెడ్డులో రంపం కీచుమంది. కీచుమంటూనే ఉంది. మళ్ళీ బరువెక్కలేదు.

టైలరమ్మ పరుగెత్తింది. వెనకాలే ఆవిడా పరుగెత్తింది. వడ్రంగి రంపం బల్ల కింద పొట్టులో పడి కొట్టుకుంటున్నాడు. కనుబొమ మీద బల్ల అంచు తగిలి చీరుకుపోయింది. రంపం ఖాళీగా తిరుగుతోంది. టైలరమ్మ ముందు మిషను కట్టేసింది. ఆ తర్వాత చేతులు ఆడలేదు, ఎన్నో నెలలుగా ఇదే క్షణం కోసం కాచుకుని కూర్చున్న మనిషి కొయ్యలా నిలబడిపోయింది.

కాజాలావిడ మాత్రం ఆగలేదు. మోకాళ్ళ మీద కూలబడి, ఆయన్ని పక్కకి ఒత్తిగిల్లేలా తిప్పి, తల కింద తన కొంగు మడిచి పెట్టి, మెడ దగ్గర గుండీ ఊడదీసింది. నోట్లో నురగ బయటికి కారేలా తల వంచి పట్టుకుంది. ఏళ్ళ తరబడి చేసిన పని, ఆ చేతులకి ఎవరూ చెప్పనక్కర్లేదు. కుదుపులు మెల్లగా తగ్గి ఆగిపోయేదాకా ఆ తలని అలాగే పట్టుకుని ఉంది. అప్పుడు తన చేతుల వైపు చూసుకుంది.

"కలిపావన్నమాట," అంది.

"కలిపాను అక్కా."

కాజాలావిడ అరవలేదు. తల ఊపింది. ఆయన జుట్టులోంచి పొట్టు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది. "తలుపు గడియ ఎందుకు పెట్టుకున్నావే తల్లీ," అంది, ఆయన్ని కాదు. టైలరమ్మకి ఆవిడని పట్టుకుని ఏడవాలనిపించింది. ఆ హక్కు తనకి లేదని కూడా తెలుసు.

చాలాసేపటికి వడ్రంగికి పూర్తిగా తెలివొచ్చింది. లేపి గోడకి ఆనించి కూర్చోబెట్టారు. ఇద్దరి మొహాలూ చూశాడు, ఆగిపోయిన రంపం చూశాడు, నుదుటి మీద రక్తం తడుముకున్నాడు. ఏం జరిగిందని అడగలేదు. "నీళ్ళు," అన్నాడు.

టైలరమ్మ లోపలికి పరుగెత్తి గ్లాసుతో నీళ్ళు తెచ్చి అందించింది. ఆయన గ్లాసు అందుకుని పెదాల దాకా తెచ్చి, ఆగాడు. వాసన చూశాడు. నాలుక పిడచకట్టుకుపోయి ఉంది, అయినా గ్లాసు పొట్టు మీద పెట్టేశాడు.

కాజాలావిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆ గ్లాసు తీసుకుని, ఆయన చూస్తుండగా సగం తను తాగి, మిగిలిన సగం ఆయన చేతిలో పెట్టింది.

"ఉత్త నీళ్ళే అన్నయ్యా, తాగు," అంది. "దీన్లో ఏమీ లేదు."

ఆయన గటగటా తాగేశాడు. తాగి, కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ ప్రార్థన మొదలుపెట్టాడు. టైలరమ్మ ఖాళీ గ్లాసు తీసుకుని అడుగుకేసి చూసింది. నిజంగానే అందులో ఏమీ లేదు.